కందిరీగ

వాల్‌నట్ పలకలు దించడానికి రెండు గంటలు పడుతుందన్నారు.
బయట జట్లాండ్ వాన, సముద్రం వైపు నుంచి అడ్డంగా.
లారీలో ఒక్కడివే కూర్చుని ఏం చేస్తావు విద్మాంతాస్,
ఇవాళ బడిపిల్లలు వస్తున్నారు, వాళ్ళ వెనకాలే నడువు
అంది గేటు దగ్గరి బోడిల్.

నడిచాను.
పదకొండు మంది పిల్లలు, ఒక టీచరు, చివర నేను,
బురద బూట్లకు నీలం ప్లాస్టిక్ తొడుగులతో
సర్రు సర్రుమంటూ.
తొమ్మిదేళ్ళుగా ఈ గుమ్మం దాకా చెక్క తెస్తున్నాను.
గుమ్మం దాటడం ఇదే మొదలు.

మొదటి గదిలో నా చెక్కే ఉంది.
ఆవు కన్ను లాంటి ఆ ముడిని
కౌనస్ మిల్లులో ఎక్కించేటప్పుడే చూశాను.
ఇక్కడ ఒకామె దాన్ని పుస్తకంలా విప్పింది.
ఎడమ పెట్టెకు ఒక పుట, కుడి పెట్టెకు ఒక పుట.
రెండు కళ్ళూ ఇప్పుడు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

రెండో గదిలో కుండెడు కాగితం గుజ్జు,
గొర్రెబొచ్చు కలిపి, జావలా ఉడుకుతోంది.
ఇది తినొచ్చా, అడిగాడొక బుడ్డోడు.
ఒకతను తిన్నాడు, అన్నాడు టోర్కిల్,
ఏమీ కాలేదు, ఉప్పు తక్కువైందన్నాడు.

తీగ చుట్టే డోర్తియా
చుట్టు మొదలెట్టాక ఊపిరి తీయదట.
మేం చూస్తుండగా ఎనభై చుట్లు.
పిల్లలు కూడా బిగబట్టారు,
ఎర్రబడి, ఒక్కసారిగా వదిలారు.

తర్వాత ఆ గది.
గోడలనిండా నురుగు ముళ్ళు, కప్పుకూ ముళ్ళే,
కాళ్ళ కింద తీగల వల, దాని కింద మళ్ళీ ముళ్ళు.
తలుపు మూశారు.
మాట పెదవి దాటగానే రాలిపోయింది.
ఒక పాప ఏడ్చింది, ఏడుపు కూడా
పక్కింట్లో ఎవరో ఏడ్చినట్టుంది.
నా మెడ తిప్పితే కిర్రుమంది.
అప్పుడు వినపడింది,
కుడి చెవి వెనక, సన్నగా, ఎడతెగకుండా,
తాళం తీసేసినా ఆగని ఇంజను.
ముప్పై ఏళ్ళ రోడ్డంతా అక్కడే తిరుగుతోంది.
ఎవరికీ చెప్పలేదు. బయటికొచ్చి నీళ్ళు తాగాను.

చివరిది వినే గది.
ఒక తివాచీ, ఒక కుర్చీ,
నా లారీ కంటే ఖరీదైన జత.
టోర్కిల్ వినకుండా ఏ పెట్టే గడప దాటదు.
ముప్పై ఒక్క ఏళ్ళు, పెన్సిలుతో ఒక సంతకం.
సెల్లో మోగింది. అతను కళ్ళు మూశాడు,
తలాడించి, చీటీ మీద సంతకం పెట్టాడు.

"దాంట్లో కందిరీగ ఉంది."

పన్నూడిన పిల్ల, పేరు ఎల్లినోర్.
మిగతావాళ్ళు కిసుక్కుమన్నారు, టీచరు ఉరిమి చూసింది.
టోర్కిల్ మళ్ళీ పెట్టాడు. మళ్ళీ.
ఆమె ప్రతిసారీ ఒకే చోట వేలెత్తింది.
అతను నా వైపు చూశాడు.
నేను తలూపాను, లేదని.
అరవై దాటిన చెవులు రెండు జతలు
వినపడనిదాన్ని గురించి ఒక్కమాట మీదున్నాయి.

డోర్తియాను పిలిచారు.
ఆమె తల వాల్చి వింది,
టోర్కిల్ ముఖం చూడకుండా, ఉంది, అంది.

మరలు ఊడదీశారు.
గట్టిపడిన జిగురు చుక్క, ఆవగింజంత,
దానికి తగులుతూ ఒక గొర్రెబొచ్చు పోగు.

టోర్కిల్ చీటీ తీసుకుని
జేబులు తడుముకున్నాడు.
ఎల్లినోర్ తన రబ్బరు ఇచ్చింది,
స్ట్రాబెర్రీ ఆకారంలో ఉంది, వాసన కూడా అదే.
సంతకాన్ని నిదానంగా, చివరి తోక దాకా తుడిచాడు,
పొట్టు ఊది, రబ్బరు తిరిగిచ్చి, థాంక్స్ చెప్పాడు.
ఈ ఏడాది ఇంకెన్ని చీటీలని
ఎవరూ అడగలేదు.

నా సరుకు రసీదు కూడా అతనే తీసుకున్నాడు.
ఎప్పుడూ చూడకుండా గీకేవాడు.
ఇవాళ కళ్ళద్దాలు పెట్టుకుని
ప్రతి పంక్తీ చదివాడు, పలకలు లెక్కపెట్టించాడు,
అప్పుడు పెట్టాడు.

లారీ ఎక్కాను. వాన తగ్గలేదు.
నా ఎడమ తలుపు స్పీకరు చిరిగి రెండేళ్ళు,
వార్తలు చదివినా వేరుశనగలు వేయించినట్టుంటుంది.
మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉన్నాను.
ఆ గరగర ఉన్నంతసేపూ
చెవి వెనక ఇంజను వినపడదు.
పెంచాను.